ఈ టెస్ట్‌కి మార్కులు ఉండవు

చిన్నపిల్లల్ని స్కాన్‌కి, ఆసుపత్రికి సిద్ధం చేయాల్సి వచ్చిన తల్లిదండ్రుల కోసం



నర్సరీ నుంచి రెండో తరగతి వరకు పిల్లల డైరీల్లో మీరు రాసి పంపే లీవ్ లెటర్లు మా చేతికి వస్తూనే ఉంటాయి. వాటిలో ఎక్కువగా జ్వరాలు, జలుబులు, ఊళ్లో పెళ్లిళ్లు. అప్పుడప్పుడు మాత్రం ‘బాబుకి రేపు స్కాన్ ఉంది, దయచేసి సెలవు ఇవ్వగలరు’ అని ఒక్క లైను ఉంటుంది. ఆ లైను వెనక ఇంట్లో ఎంత కంగారు ఉంటుందో చెప్పక్కర్లేదు. ఏ డాక్టర్, ఏ సెంటర్, ఖర్చెంత, ఇన్సూరెన్స్ వస్తుందా అని పెద్దవాళ్లు అన్నీ మాట్లాడుకుంటారు. ఎవరూ మాట్లాడకుండా మిగిలిపోయేది మాత్రం స్కాన్ చేయించుకోబోయే ఆ పసివాడితోనే.

నేను డాక్టర్ని కాను. ఏ స్కాన్ అవసరమో, ఏ మందు ఇవ్వాలో మీ డాక్టర్ చెప్పాల్సిందే. నాలుగేళ్లు, ఆరేళ్ల పిల్లల మధ్య రోజంతా గడిపే టీచర్‌గా నేను చెప్పగలిగింది వేరు. వాళ్లకు ఒక విషయం ఎలా చెబితే అర్థమవుతుంది, చెప్పకపోతే ఏమనుకుంటారు అన్నదే ఈ వ్యాసం.

చెప్పకపోతే వాళ్లే ఒక కథ అల్లుకుంటారు

‘చెబితే భయపడతాడు, అక్కడికి వెళ్లాక చూద్దాంలే’ అని చాలామంది అనుకుంటాం. అది ప్రేమతో అనుకునేదే. కానీ చెప్పనంత మాత్రాన పిల్లలకు తెలియకుండా ఉండదు. అమ్మ ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడటం, నాన్న ఆఫీసుకి వెళ్లకుండా ఉండటం, అమ్మమ్మ ఉన్నట్టుండి ఊరి నుంచి రావడం వాళ్లు గమనిస్తూనే ఉంటారు. ఏదో జరుగుతోందని తెలుసు, అదేమిటో తెలియదు. ఆ ఖాళీని వాళ్లకు తోచిన కథతో నింపుకుంటారు.

బీఎడ్‌లో పియాజె సిద్ధాంతం చదివినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. రెండు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలు ప్రపంచంలో జరిగే ప్రతిదానికీ తమతో సంబంధం ఉందనుకుంటారు. తప్పు చేస్తే దానంతట అదే శిక్ష వచ్చి పడుతుందని కూడా నమ్ముతారు. అందుకే జబ్బు చేసినప్పుడు ‘నేను చెడ్డ పని చేశాను కాబట్టే ఇలా అయింది’ అనే ఆలోచన వాళ్లకు చాలా సులువుగా వస్తుంది. మనమూ తెలియకుండా దానికి నీళ్లు పోస్తుంటాం. ‘ఐస్‌క్రీం వద్దంటే తిన్నావుగా, చూడు ఇప్పుడేమైందో’ అంటాం. ‘అన్నం తినకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి సూది వేయిస్తా’ అంటాం. అలా మన నోటితోనే డాక్టర్‌ని బూచోణ్ణి చేసి, ఒకరోజు నిజంగానే ఆ బూచోడి దగ్గరికి తీసుకెళ్తాం. అప్పుడు ఆ పిల్లాడికి అది వైద్యంలా కనిపించదు, శిక్షలా కనిపిస్తుంది.

మన పిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఆసుపత్రిలో వాడే మాటల్లో చాలా వాటిని వాళ్లు ముందే బడిలో విన్నారు, వేరే అర్థంలో. ‘టెస్ట్’ అంటే వాళ్లకు తెలిసింది యూనిట్ టెస్ట్. టెస్ట్ అంటే చదువుకుని వెళ్లాలి, మార్కులు వస్తాయి, తక్కువొస్తే ఇంట్లో ఊరుకోరు. ‘రిపోర్ట్’ అంటే ప్రోగ్రెస్ రిపోర్ట్. ‘అడ్మిషన్’ అంటే కొత్త స్కూల్. ‘పాజిటివ్’ అంటే మంచిది. ఇప్పుడు ఆ పిల్లాడి పక్కనే నిలబడి నాన్న ఫోన్‌లో ‘టెస్ట్ రిపోర్ట్ అంత బాగా రాలేదు, అడ్మిట్ చేయమంటున్నారు’ అన్నాడనుకోండి. వాడికి ఏం అర్థమవుతుంది? తాను ఏదో పరీక్షలో ఫెయిలయ్యాడని, అందుకే తనను ఎక్కడో వదిలేస్తున్నారని.

కాబట్టి మొట్టమొదట చెప్పాల్సిన మాటలు ఇవి: ‘ఈ టెస్ట్‌కి మార్కులు ఉండవు. ఇందులో పాస్, ఫెయిల్ లేవు. నీ పొట్ట లోపల ఎలా ఉందో డాక్టర్‌గారు ఫొటో తీసి చూస్తారు, అంతే. నువ్వు ఏ తప్పూ చేయలేదు. నీకు నొప్పి ఎందుకొస్తోందో తెలుసుకోవడానికి వెళ్తున్నాం.’ వాడు అడిగినా అడగకపోయినా, తప్పు చేయలేదన్న మాట మాత్రం తప్పకుండా చెప్పండి.

ఎప్పుడు చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి

మూడు, నాలుగేళ్ల పిల్లలకు వారం ముందు చెబితే ఉపయోగం లేదు. వాళ్లకు ‘వచ్చే గురువారం’ అంటే ఎంత దూరమో తెలియదు, ఊరికే రోజూ అడుగుతారు. ముందు రోజు సాయంత్రం ఒకసారి, వెళ్లే రోజు పొద్దున ఒకసారి చాలు. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకు మూడు, నాలుగు రోజుల ముందు చెప్పొచ్చు. ఆలోచించుకుని ప్రశ్నలు అడగడానికి వాళ్లకు ఆ మాత్రం సమయం కావాలి. నిద్రపోయే ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి. అన్నం తినేటప్పుడో, ఆడుకునేటప్పుడో మామూలుగా చెప్పండి.

నేను ఇంగ్లిష్ టీచర్ని. క్లాసులో ‘స్టమక్’, ‘చెస్ట్’, ‘హెడేక్’ అని మేమే నేర్పుతాం. అయినా ఈ విషయంలో మీకు చెప్పేది ఒక్కటే, పిల్లలు ఏ భాషలో ఏడుస్తారో ఆ భాషలో చెప్పండి. బడిలో కింద పడిన పిల్లలు ‘మేడమ్, ఇట్ ఈజ్ పెయినింగ్’ అనరు, ‘అమ్మా’ అనే ఏడుస్తారు. మీ ఇంట్లో మాట్లాడేది తెలుగైతే తెలుగు, ఉర్దూ అయితే ఉర్దూ, హిందీ అయితే హిందీ. నొప్పి ఎక్కడ, ఎలా ఉందో వాళ్లు సరిగ్గా చెప్పగలిగేది కూడా ఆ భాషలోనే. డాక్టర్ ఇంగ్లిష్‌లో అడిగితే మీరు మధ్యలో ఇంటి మాటల్లో అడిగి చెప్పండి.

చెప్పేటప్పుడు జబ్బు పేరు కన్నా ఆ గదిలో ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది, ఒంటికి ఏం తగులుతుంది అన్నవి ముఖ్యం. చల్లగా ఉంటుందా, చీకటిగా ఉంటుందా, చప్పుడు వస్తుందా, అమ్మ పక్కనే ఉంటుందా? పిల్లలకు కావాల్సింది ఇవే. అవి మీరు చెప్పగలగాలంటే ముందు మీకు తెలియాలి. అందుకే ఒక్కో స్కాన్ గురించి క్లుప్తంగా.

ఏ స్కాన్‌లో ఏం జరుగుతుంది

ఎక్స్‌రే: 1895లో జర్మనీలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త ఈ కిరణాలను కనుగొన్నారు. అవేమిటో తెలియక, లెక్కల్లో తెలియని సంఖ్యకు పెట్టినట్టు ‘ఎక్స్’ అని పేరు పెట్టారు. ఆయన తన భార్య చెయ్యిని తీసిన ఫొటోలో ఎముకలతో పాటు వేలికున్న ఉంగరం కూడా నల్లగా పడింది. పిల్లలకు ఈ కథ చెప్పండి, ఆసక్తిగా వింటారు. గొలుసు, గాజులు ఎందుకు తీయమంటారో కూడా వాళ్లకే అర్థమవుతుంది. ఫొటో పడటానికి ఒక సెకను కూడా పట్టదు, నొప్పి ఉండదు. బల్ల చల్లగా ఉంటుంది, ‘ఊపిరి బిగబట్టు’ అంటారు. ఇంట్లో ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతూ ఊపిరి బిగబట్టే ఆట ఆడించండి.

అల్ట్రాసౌండ్, టూడీ ఎకో: ఈ రెండూ శబ్ద తరంగాలతో చేసేవి. ఆ శబ్దం మన చెవికి వినపడదు, ఇందులో రేడియేషన్ ఉండదు. పొట్ట మీద లేదా ఛాతీ మీద జెల్ రాస్తారు, అది చల్లగా జిగురుగా ఉంటుంది. చేతిలో పట్టే చిన్న పరికరాన్ని దాని మీద జరుపుతూ కొంచెం నొక్కుతారు. గదిలో లైట్లు తగ్గిస్తారు. చీకటంటే భయపడే పిల్లలకు ఇది ముందే చెప్పండి: ‘సినిమా హాల్లో ఆర్పినట్టు లైట్లు ఆర్పుతారు, టీవీలో నీ గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది.’ కొన్ని పొట్ట స్కాన్‌లకు మూత్రం ఆపుకుని రమ్మంటారు. చిన్నపిల్లలకు అది కష్టం కాబట్టి ఎన్ని నీళ్లు, ఎప్పుడు తాగించాలో సెంటర్‌లో ముందే అడగండి.

సీటీ స్కాన్: చుట్టూ తిరుగుతూ ఎక్స్‌రేలు తీసే యంత్రం ఇది. చూడటానికి పెద్ద గారెలా మధ్యలో చిల్లుతో ఉంటుంది. పడుకున్న బల్ల ఆ చిల్లులోంచి జరుగుతుంది. ఫొటోలు తీయడం చాలాసార్లు నిమిషంలోపే అయిపోతుంది. కొన్నిసార్లు రక్తనాళంలోకి మందు ఎక్కిస్తారు. అది వెళ్లేటప్పుడు ఒళ్లంతా వెచ్చగా అవుతుంది, మూత్రం పోసుకున్నట్టు కూడా అనిపించవచ్చు. నిజంగా పోసుకోలేదని, కాసేపట్లో ఆ వెచ్చదనం పోతుందని ముందే చెబితే పిల్లలు సిగ్గుపడరు, బెదరరు.

ఎంఆర్ఐ: ఇందులో ఎక్స్‌రేలు ఉండవు, పెద్ద అయస్కాంతం ఉంటుంది. మామూలుగా వాడే 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30,000 రెట్లు. స్కాన్ తీయని సమయంలో కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. పిల్లలకు కష్టమయ్యేవి మూడు: సొరంగంలా ఉండటం, టకటకా ధనధనా పెద్ద చప్పుళ్లు రావడం, ఇరవై నిమిషాల నుంచి గంట వరకు కదలకుండా పడుకోవాల్సి రావడం. ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఫోన్‌లో ముందే వినిపించండి. చెవులకు దూది లాంటివి, హెడ్‌ఫోన్లు పెడతారని చెప్పండి. రెండు కుర్చీల మీద దుప్పటి కప్పి సొరంగం చేసి, అందులో ‘స్టాచ్యూ’ ఆట ఆడించండి. మొదటిరోజు ఒక నిమిషం, తర్వాత రెండు, మూడు.

ఈఈజీ: ఇది స్కాన్ కాదు, మెదడులో నడిచే సంకేతాలను గీతలుగా చూపించే పరీక్ష. తలకు చిన్న వైర్లు జిగురుతో అంటిస్తారు. ‘నా తలలోకి కరెంటు పెడతారా?’ అని పిల్లలు భయపడతారు. వైర్ల ద్వారా తలలోకి ఏదీ పంపరు, లోపల జరుగుతున్నది చూస్తారంతే అని చెప్పండి. ముందు రోజు తలస్నానం చేయించి, ఆ తర్వాత కొబ్బరినూనె రాయకుండా తీసుకెళ్లండి. నూనె ఉంటే వైర్లు సరిగ్గా అంటుకోవు. కొందరికి ముందు రాత్రి తక్కువ నిద్రపోనివ్వమంటారు. అదెంతసేపో అడిగి రాసుకోండి.

రేడియేషన్ గురించి

ఇది చాలామంది తల్లిదండ్రుల మనసులో ఉండే ప్రశ్న. ఒక ఛాతీ ఎక్స్‌రేలో ఒంటికి అందేది సుమారు 0.1 మిల్లీసీవర్ట్. నేల నుంచి, ఆకాశం నుంచి మనందరికీ సహజంగా పది రోజుల్లో అందేది కూడా దాదాపు అంతే. సీటీలో అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. అందుకే అవసరమైతేనే రాస్తారు. అవసరమని డాక్టర్ చెప్పినప్పుడు భయపడి వాయిదా వేయకండి. ‘అల్ట్రాసౌండ్‌తో గానీ ఎంఆర్ఐతో గానీ ఇది తెలుస్తుందా?’, ‘డోస్ పిల్లల సైజుకి తగ్గించి పెడతారా?’ అని అడగడం మాత్రం మీ హక్కు. మన దేశంలో ఎక్స్‌రే, సీటీ సెంటర్లకు అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ లైసెన్స్ ఉండాలి. పాత ఫిల్ములు, సీడీలు దాచి ప్రతిసారీ తీసుకెళ్లండి. తీసిందే మళ్లీ తీయాల్సిన అవసరం చాలాసార్లు తప్పుతుంది. గర్భంతో ఉన్న అమ్మ, అనుమానమే అయినా సరే, ఎక్స్‌రే, సీటీ గదుల్లోకి వెళ్లకూడదు. ఆ రోజు నాన్నో, పిన్నో, అత్తో తోడు వెళ్లేలా చూసుకోండి.

మొలతాడు, తాయెత్తు, మంగళసూత్రం

ఎంఆర్ఐ గదిలోకి లోహం ఏదీ వెళ్లకూడదు. మన ఇళ్లలో పిల్లల ఒంటి మీద ఎన్ని ఉంటాయో ఒకసారి చూడండి. మొలతాడుకు వెండి బిళ్ల, మెడలో రాగి తాయెత్తు, చెవిపోగులు, పట్టీలు, మురుగులు, జడపిన్నులు, లోపల ఎక్కడో ఒక పిన్నీసు. అక్కడికి వెళ్లాక టెక్నీషియన్ కత్తెర తెచ్చి మొలతాడు కోయబోతే పిల్లాడు బెదురుతాడు, నానమ్మ మనసు నొచ్చుకుంటుంది. ఆ పని ముందు రోజు ఇంట్లో నానమ్మ చేతే చేయించండి. ‘రేపు వచ్చాక మళ్లీ నేనే కడతానురా’ అని ఆవిడ అంటే, తిరిగి ఇంటికి వస్తామన్న ధైర్యం పిల్లాడికి ఆ మాటలోనే దొరుకుతుంది.

లోపల తోడు ఉండే పెద్దవాళ్లకూ ఇదే నియమం. బంగారం అయస్కాంతానికి అంటుకోదుగా అని అక్కడ వాదన పెట్టుకోవద్దు. నల్లపూసలు, పుస్తెలతాడు, పిన్నులు, వాచీ, ఫోన్ అన్నీ తీయమంటారు. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడుతో వెళ్లొచ్చు, లేదా నాన్న లోపలికి వెళ్లేలా ముందే అనుకోవచ్చు. గది గుమ్మం దగ్గర ఈ చర్చ మొదలైతే దాన్ని చూసి పిల్లలు బెంబేలెత్తుతారు. పిల్లాడి ఒంట్లో ఆపరేషన్‌లో పెట్టిన పరికరం ఏదైనా ఉన్నా, ఈమధ్య నాణెం, బటన్ బ్యాటరీ లాంటివి మింగాడని అనుమానం ఉన్నా తప్పకుండా చెప్పాలి.

మత్తు ఇస్తామన్నప్పుడు

కదలకుండా ఉండలేని చిన్నపిల్లలకు ఎంఆర్ఐకి మత్తు ఇస్తుంటారు. అప్పుడు ఖాళీ కడుపుతో రమ్మంటారు. సాధారణంగా అన్నం, టిఫిన్, పాలు ఆరు గంటల ముందు, తల్లిపాలు నాలుగు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపమంటారు. మీకు మీ మత్తు డాక్టర్ చెప్పిన సమయమే లెక్క. మత్తులో ఉన్నప్పుడు కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది, ఆ నియమం అందుకే. ‘పాపం, ఒక్క బిస్కెట్టే కదా’ అని తాతయ్య జేబులోంచి తీసి పెడితే ఆ రోజు స్కాన్ ఆగిపోవచ్చు, చెప్పకుండా దాస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో అందరికీ, పనిచేసే ఆంటీకి కూడా చెప్పండి. వీలైతే పొద్దున్నే మొదటి స్లాట్ అడగండి. ఆ పూట ఇంట్లో మిగతావాళ్లు కూడా పిల్లాడి ముందు తినకుండా ఉంటే బాగుంటుంది.

మత్తు గురించి చెప్పేటప్పుడు ‘నిద్రపుచ్చుతారు’ అని ఊరుకోకండి. రాత్రి నిద్రలాంటిదే అనుకుంటే, నిద్రలో నొప్పి తెలిసి మెలకువ వస్తుందేమోనని కొందరు, నిద్రపోతే ఇలాగే ఏదో చేస్తారేమోనని కొందరు ఇంట్లో పడుకోవడానికే భయపడతారు. ‘ఇది మందుతో వచ్చే వేరే నిద్ర. మధ్యలో నీకేమీ తెలియదు. పని అయిపోగానే మందు ఆపేస్తారు, లేచేసరికి నేను నీ పక్కన ఉంటాను’ అని చెప్పండి. చెప్పాక ఆ మాట నిలబెట్టుకోండి. ఫార్మసీకి, బిల్లు కౌంటర్‌కి ఇంకొకరిని పంపండి. మత్తు వదిలేటప్పుడు పిల్లలు చికాకుగా ఏడవడం, నడిస్తే తూలడం మామూలే. ఆ రోజంతా సైకిల్, మెట్లు, పరుగులు వద్దు.

సూది గురించి నిజమే చెప్పండి

‘ఇంజెక్షన్ వెయ్యర్లే’ అని తీసుకెళ్లి, నలుగురు పట్టుకుని వేయిస్తే ఆ ఒక్కరోజు పని అయిపోతుంది. మళ్లీసారి మీరు ‘ఇవాళ సూది లేదు’ అని నిజం చెప్పినా పిల్లలు నమ్మరు. ఒక్కసారితో అయిపోయే జబ్బులైతే సరే. ఏడాదికి మూడు, నాలుగుసార్లు ఆసుపత్రికి వెళ్లాల్సిన పిల్లలకు అమ్మ మాట మీద నమ్మకమే పెద్ద ఆసరా. దాన్ని ఒక సూది కోసం పోగొట్టుకోకూడదు.

సూది ఉంటుందో లేదో తెలియకపోతే ‘నాకు తెలియదు, అక్కడ అడిగి చెబుతాను’ అనండి. ఉంటుందని తెలిస్తే ఇలా చెప్పొచ్చు: ‘చురుక్కుమంటుంది. కాసేపట్లో తగ్గిపోతుంది. ఏడుపొస్తే ఏడువు, ఫరవాలేదు. చెయ్యి కదపకుండా ఉంచడం నీ పని. నిన్ను పట్టుకోవడం నా పని.’ పిల్లలకు ఒక పని అప్పగిస్తే భయం కొంత తగ్గుతుంది, మా క్లాసుల్లో రోజూ చూస్తాం. ‘మగపిల్లాడివి, ఏడుస్తావా?’ అనే మాట ఇంట్లోనే వదిలేసి వెళ్లండి.

పిల్లాణ్ణి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి అదిమి పట్టుకునే బదులు, మీ ఒళ్లో మీకు ఎదురుగా కూర్చోబెట్టుకుని కౌగిలించుకుంటే ఒక చెయ్యి నర్సుకు అందుతుంది. ‘ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చా సిస్టర్?’ అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. సూది వేసే చోట తిమ్మిరెక్కించే క్రీములు ఉన్నాయి. పనిచేయడానికి సుమారు గంట పడుతుంది కాబట్టి డాక్టర్‌ని ముందే అడగాలి. ఆ క్షణంలో సబ్బు బుడగలు ఊదించడం, ఫోన్‌లో ఇష్టమైన పాట పెట్టడం, వెనక నుంచి అంకెలు చెప్పించడం పనిచేస్తాయి. ఏ చెయ్యి ఇస్తావు, ఏ కథ చెప్పమంటావు లాంటివి పిల్లలనే ఎంచుకోనివ్వండి. ‘వెళ్దామా, వద్దా?’ అని మాత్రం అడగకండి. వద్దంటే మానలేం కదా.

మీరు పక్కన ఉండటం వైద్యంలో భాగమే

ఒకప్పుడు ఇంగ్లాండ్ ఆసుపత్రుల్లో పిల్లల్ని చేర్చుకుంటే అమ్మానాన్నలను లెక్కపెట్టిన గంటలే చూడనిచ్చేవారు. మీరు వస్తే పిల్లలు ఇంకా ఏడుస్తారు అనేవారు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, రెండేళ్ల పాప ఆసుపత్రిలో అమ్మ లేకుండా గడిపిన ఎనిమిది రోజులను సినిమాగా తీసి డాక్టర్లకు చూపించారు. ఏడుపు మానేసిన పాప కుదురుకుందని అప్పటిదాకా అనుకునేవారు. ఆశ వదులుకుని ముడుచుకుపోతోందని ఆ సినిమాలో కనిపించింది. 1959లో ప్లాట్ కమిటీ నివేదిక, తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి పిల్లలను చూసేలా ఉండాలని సిఫార్సు చేసింది. మిమ్మల్ని చూసి పిల్లాడు ఏడిస్తే ‘మీరు బయట ఉండండమ్మా’ అని ఎవరైనా అనొచ్చు. మీరు ధైర్యంగా ఉండగలిగితే, నియమాలు ఒప్పుకుంటే, పక్కనే ఉంటామని మర్యాదగా అడగండి. రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లయితే ఇంకొకరిని పంపడంలో తప్పు లేదు.

ఆసుపత్రిలో ఎక్కువసేపు గడిచేది ఎదురుచూపుల్లోనే. సంచిలో ఇవి ఉంచుకోండి:

• పాత ఫైలు, ఫిల్ములు, ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు
• లోహం లేని మెత్తటి బట్టలు, ఒక జత అదనంగా
• పిల్లాడికి ఇష్టమైన బొమ్మ లేదా దుప్పటి ముక్క
• రంగు పెన్సిళ్లు, కథల పుస్తకం, చార్జింగ్ ఉన్న ఫోన్
• అయిపోయాక తినడానికి ఇష్టమైన టిఫిన్, నీళ్లు
• డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలు రాసిన కాగితం

అయిపోయాక

ఇంటికి వచ్చాక పిల్లలు బొమ్మకు సూది వేస్తారు, తమ్ముణ్ణి మంచం కిందికి తోసి స్కాన్ తీస్తారు. ఆపకండి. జరిగినదాన్ని వాళ్లు అరిగించుకునే పద్ధతి అది. పక్క తడపడం, అమ్మను వదలకపోవడం కొన్నాళ్లు ఉండొచ్చు. చాలా రోజులు తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పండి. మెచ్చుకునేటప్పుడు ‘ఏడవలేదు, గుడ్ బాయ్’ అనకుండా ‘భయమేసినా చెయ్యి కదపలేదు’ అని, వాళ్లు చేసింది చెప్పి మెచ్చుకోండి. ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే వాళ్లకూ రెండు ముక్కలు చెప్పాలి. ఇది అంటుకునేది కాకపోతే అంటుకోదని, అన్నతో పోట్లాడినందుకు అన్నకు జబ్బు రాలేదని. ఫలితం వచ్చినప్పుడు దాన్ని పిల్లాడి తల మీదుగా చర్చించకండి. వాడికి అర్థమయ్యే ఒక్క వాక్యం వాడితో నేరుగా చెప్పండి.

చివరగా మా వైపు నుంచి ఒక విన్నపం. జబ్బు పేరు బయటికి చెబితే పిల్లలకు ముద్ర పడుతుందేమోనని, ముఖ్యంగా ఫిట్స్ లాంటివి అయితే ఆడపిల్ల కదా అని, కొందరు స్కూల్‌కి చెప్పరు. మీ భయం అర్థమవుతుంది. ఎవరెవరికి తెలియాలో మీరే చెప్పండి. కానీ క్లాస్ టీచర్‌కి తెలియకపోతే ఆటల పీరియడ్‌లో పరుగెత్తిస్తాం, బస్సులో చివరి సీటులో కూర్చోబెడతాం. ఫిట్స్ వచ్చిన పిల్లలను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. అది ఏ పిల్లలకు అవసరమవుతుందో ముందే తెలిస్తే మేం కంగారుపడకుండా చేయగలం.

యూనిట్ టెస్ట్ ఉందని స్కాన్ తేదీని వెనక్కి జరపకండి. స్కాన్ మర్నాడు నిద్ర కళ్లతో పిల్లల్ని పరీక్షకు పంపకండి. యూకేజీలోనో, ఒకటో తరగతిలోనో రాయలేకపోయిన ఒక్క పేపర్ గురించి ఏం చేయాలో తర్వాత మాతో మాట్లాడొచ్చు. డైరీలో తేదీ, ఎన్నాళ్లు ఆటలు వద్దన్నారు, మందు ఎన్ని గంటలకు వేయాలి, ఈ మూడూ రాసి పంపండి. మిగతాది మేం చూసుకుంటాం.

మీ
ప్రైమరీ విభాగం ఇంగ్లిష్ టీచర్